ముక్కు కారని కిటికీ

దాలినాయుడు మావ నీలిమందు దొర బంగళాకి నిచ్చెన వేసుకుని, తన ఎర్ర తువ్వాలుతో పై అంతస్తు కిటికీల ముక్కులు తుడుస్తున్నాడు. మావ పోయి ఆరు నెలలైందని నాకు తెలుసు, అయినా అదేమంత పెద్ద విషయంలా అనిపించడం లేదు, నాకు ఒళ్ళు మండుతున్నదల్లా ఆయన నిచ్చెన కాళ్ళు తెచ్చి నా కొలత టేపు మీద పెట్టినందుకే. బంగళా ఒక్కచోట నిలవడం లేదు, ఒకసారి నీలివలస పొలాల్లో, ఒకసారి మా అమ్మ వంటింటి వెనక, ఇంకోసారి మోకాలి లోతు నీలి నీళ్ళలో ఉంటోంది, ఎక్కడున్నా దాని గుమ్మం మాత్రం సరిగ్గా నడుమనే ఉంటోంది, గుమ్మం మీద విసనకర్రలా పరిచిన అద్దాలు మెరుస్తున్నాయి.

"మావా, దిగు! టేపు తెగిపోద్ది!" అని అరుస్తాను.

"జలుబు సేసింది గదే వరాలూ ఈటికి. నాలుగింటికీ ముక్కులు కారతంటే సూసి ఊరుకోమంటావేటి?"

"నాలుగు కాదు, ఐదు. లెక్క కూడా మర్చిపోయావా?"

"నాకు లెక్కలెక్కడివే, సదువుకున్నదానివి నువ్వు," అని మావ నాలుగో కిటికీ ముక్కు తుడిచి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని దిగిపోతాడు.

మావ అంటే మా అమ్మ తమ్ముడు, సున్నం మేస్త్రి. బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ పోసి సున్నం గానుగాడించి, చెయ్యి పెడితే జారిపోయేంత నున్నగా గోడ తేల్చే పని మా వైపు ఆయనతోనే ఆగిపోయింది. నేను పాత కట్టడాలు కొలిచి రిపోర్టులు రాసే ఆఫీసులో చేస్తాను. రెండు వందల ఏళ్ళ కిందట నీలిమందు పండించిన దొర తన దేశపు పద్ధతిలో కట్టుకున్న ఈ ఇల్లు కొలిచే పని నాకొచ్చిందని తెలిసిన రోజే మావ పందెం వేశాడు. "ఆ బంగళాలో నా సేతి పని ఒకటుందే. తుఫానుకి రాలిపోతే, మిగిలిన ముక్కలు సూసి మళ్ళీ అచ్చం అలాగే సేసినాను. కనిపెట్టేవంటే పావుకిలో మాడుగుల హల్వా నీది!" నేను రెండుసార్లు వెళ్ళి గోడలన్నీ తట్టి చూశాను, ఏమీ దొరకలేదు.

"ఇవాళే మీటింగు మావా," అంటాను, నీలి నీళ్ళలో ఆయన వెనకే నడుస్తూ. "బంగళాని కాపాడమని పెట్టే ఫారంలో ‘మరెక్కడా లేని ప్రత్యేకత’ అని ఒక గడి ఉంది, అది ఖాళీగా ఉంది. ఇలాంటి గుమ్మాలూ గోడలూ ఇంకా చాలా ఉన్నాయి, దీన్ని కూలగొట్టి గోడౌను కట్టుకుంటాం అంటున్నారు స్థలం వాళ్ళు. అంతా నీవల్లే, చెప్పేసి పోతే నీ సొమ్మేం పోయేది?"

"సెప్పేస్తే అది పందెమేటి?"

ఆ మాటకి నీళ్ళలోనే ఆగిపోతాను. చివరిసారి చూడడానికి వెళ్ళినప్పుడు మంచం మీంచి "దొరికిందేటి?" అనే అడిగాడు, నేను ఫోను చూసుకుంటూ "ఆఫీసు పనితోనే చస్తున్నాను మావా, నీ పందెమొకటా," అన్నాను. ఇప్పుడు ఆ మాటే చెప్పి, "నాకు చాలా సిగ్గుగా ఉంది మావా," అంటాను.

"ఓలమ్మో, అదింకా మోస్తన్నావా! నాను ఆ పూటే మర్సిపోనాను," అని నా నెత్తి మీద చిన్న మొట్టికాయ వేసి, "రా, బేగి రా," అని లోపలికి లాక్కుపోతాడు.

మెట్లెక్కుతున్నాం. కొలిచినప్పుడు ఇరవై రెండే, ఇప్పుడు ఎక్కేకొద్దీ పుట్టుకొస్తున్నాయి, ప్రతి మెట్టూ బెల్లం వాసన కొడుతోంది, ఎంత పైకి వెళ్ళినా ఒకటే చీకటి.

"ఇక్కడ కిటికీ ఉండాలి కదా మావా, బయటి నుంచి కనపడుతోంది. తరవాతెప్పుడో లోపల గోడ కట్టేసినట్టున్నారు, నేను రిపోర్టులో అలాగే రాశాను."

"రాసేసిందట! సూడకుండానే రాసేసిందట!" మావ పొట్ట పట్టుకుని నవ్వుతాడు, ఆ నవ్వుకి మెట్లన్నీ గడగడలాడుతున్నాయి, మావ భుజాన తువ్వాలు పోయి టికెట్ల మిషను వేలాడుతోంది, "మరి దానికొక్కదానికీ జలుబెందుకు సెయ్యలేదే?" అంటూ నన్ను ముందుకి తోస్తూ, "దిగు, దిగు..."

"దిగాల మేడమ్! ఆర్టీసీ కాంప్లెక్సు వొచ్చేసింది!"

కళ్ళు తెరిచాను. ఎండ మొహం మీద పడుతోంది, బస్సు ఖాళీ. కండక్టరు నా సీటు పక్కన నిలబడి ఉన్నాడు. ఒళ్ళో ఫైలు తెరుచుకుని ఉంది, పైన బంగళా ఫోటో. పై అంతస్తులో ఐదు కిటికీలు, ఆకుపచ్చ అడ్డబద్దల రెక్కలు, అన్నీ మూసే ఉన్నాయి. ఈ ఫోటో నేను వందసార్లు చూసుంటాను. నాలుగు కిటికీల రెక్కల ఇనప బందుల దగ్గర నుంచి గోడ మీదికి తుప్పు చారలు కారి ఉన్నాయి. కుడివైపు చివరిదాని కింద ఒక్క చార లేదు.

బందులే లేకపోతే తుప్పెక్కడి నుంచి వస్తుంది? లోపల మెట్లు అడ్డొచ్చాయి, అయినా గుమ్మానికి ఎడమన రెండుంటే కుడిన రెండుండాలని దొర పట్టుబట్టి ఉంటాడు, అందుకని అక్కడ గోడకే రెక్కలూ బద్దలూ అన్నీ సున్నంతో తీర్చి, ఆకుపచ్చ రంగు వేశారు. కింద నుంచి చూసి అది చెక్క కాదని నేను కూడా కనిపెట్టలేకపోయాను!

అక్కడే కూర్చుని, గోడ కట్టేశారన్న వాక్యం కొట్టేసి, ఖాళీ గడిలో రాశాను: ‘కుడి చివరి కిటికీ కిటికీ కాదు, సున్నం పని. తుఫాను తరవాత తిరిగి చేసినవారు దాలినాయుడు మేస్త్రి.’ రాస్తుంటే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"ఏటి మేడమ్, మంచి కబురేటి?" అన్నాడు కండక్టరు.

"పందెం గెలిచానండీ. ఇక్కడ మాడుగుల హల్వా ఎక్కడ దొరుకుతుంది?"

"గెలిసినోలు కొనడమేటండీ? ఓడిపోయినోలు గదా కొనాల?"

"ఓడిపోయింది మా మావ. ఆయన వంతు కూడా నేనే కొంటాను," అని ఫైలు గుండెలకి పట్టుకుని దిగాను.