ఎనిమిదో ఒడ్డు

నీలం.

గది నిండా నీలం. తలుపు వేసిన మధ్యాహ్నం, పద్నాలుగు అంగుళాల టీవీలోంచి పొంగుతున్న నీలం. సున్నం గోడ మీద, నులకమంచం మీద, ఇద్దరి ముఖాల మీద.

ఆ నీలంలో ఒక ఎర్ర పడవ.

చిన్నది. వేలిగోరంత. అల వస్తే గెంతుతుంది. రాయి తగిలితే మునుగుతుంది. మునిగితే మళ్లీ మొదటికి.

పంతొమ్మిది వందల తొంభై ఎనిమిది. వజ్రపుకొత్తూరు దగ్గర ఒక ఉద్దానం పల్లె. ఢిల్లేశ్వరరావుకూ సీతారత్నానికీ పెళ్లయి మూడు నెలలు. కాశీబుగ్గ బజారులో అతను టీవీ గేమ్ కొని సైకిల్ మీద ఇంటికి తెచ్చాడు. దానితో ఒక క్యాసెట్ వచ్చింది. దాని మీద ఉన్న అక్షరాలు ఏ దేశానివో ఊళ్లో ఎవరికీ తెలియదు.

పడవాట అని వాళ్లే పేరు పెట్టుకున్నారు.

రెండు రిమోట్లలో ఒకటి కొన్న రోజే పని చేయలేదు. మిగిలిన ఒక్కదాన్నే ఇద్దరూ పట్టుకున్నారు. ఎడమవైపు అతను — ముందుకూ, వెనక్కూ. కుడివైపు ఆమె — గెంతు. భుజానికి భుజం ఆనించి కూర్చుంటే తప్ప కుదరదు. కొత్తగా పెళ్లయినవాళ్లకు అదేమంత కష్టం?

"ఇప్పుడు!" అనేవాడు అతను.

ఆమె బొటనవేలు నొక్కేది. పడవ రాతికి కొట్టుకునేది.

"లేటుగా నొక్కావు!"

"నువ్వే ఆలీసంగా సెప్పావు బావా!"

నవ్వేవాళ్లు. మళ్లీ మొదటికి.

మొదటి తెర మీద ఎనిమిది జెండాలు వరసగా కనిపించేవి. ఒక్కో సముద్రం దాటి ఒడ్డు చేరితే ఒక్కో జెండా లేస్తుంది. ఏడాది తిరిగేసరికి ఏడు లేపారు. ఏడోది ఎన్నోసార్లు లేపారు. కానీ ఎనిమిదో సముద్రం తెరుచుకునే లోపు కరెంటు పోయేది. లేదా ఎవరో వాకిట్లోంచి పిలిచేవాళ్లు. లేదా... ఏదో ఒకటి.

రేపు చూద్దాం అనుకునేవాళ్లు. వాళ్ల దగ్గర రేపులు చాలా ఉండేవి.

తొంభై తొమ్మిది అక్టోబరులో తుఫాను వచ్చింది. కప్పు లేచిపోయింది. టీవీ బద్దలైంది. నాలుగో రోజున క్యాసెట్ మాత్రం పెరటి ఇసుకలో దొరికింది. సీతారత్నం దాన్ని తుడిచింది, ఎండబెట్టింది, ఊదింది, పక్క ఊళ్లో ఉన్న మరో టీవీ గేమ్‌లో పెట్టి చూసింది.

క్యాసెట్‌లోని రాగి రేకులను ఉప్పు తినేసింది. తెర వెలగలేదు.

తుఫాను కదా. తుఫాను మీద ఎవరికి కోపం వస్తుంది? ఊరుకున్నారు.

*

ఎనిమిదేళ్లు గడిచాయి. పడిపోయిన కొబ్బరిచెట్ల స్థానంలో పెట్టిన మొక్కలు కాపుకు వచ్చాయి. కాపుకు వచ్చేసరికి వాటిని ఎక్కాల్సిన మనిషి ఎక్కలేకపోయాడు.

కిడ్నీలు.

ఇంటికొకరికి ఆ జబ్బున్న ఉద్దానంలో ఆ ఒక్క మాట చాలు. తర్వాతది ఎవరూ అడగరు.

వారం వారం శనివారం విశాఖ ఆసుపత్రికి వెళ్లి రక్తం శుభ్రం చేయించుకోవాలి. రైలుకు దగ్గరగా ఉంటుందని భార్యాభర్తలు కాశీబుగ్గకు మారారు. సీతారత్నం పలాసలో జీడిపిక్కల ఫ్యాక్టరీలో చేరింది. ఆరు నెలల్లో జీడి సొన ఆమె వేళ్లను నల్లగా చేసింది. ఆ నలుపు సబ్బుకు పోదు.

కొబ్బరితోటలో పుట్టి పెరిగిన మనిషిని కొబ్బరినీళ్లు ముట్టుకోవద్దన్నారు. మంచినీళ్లు కూడా రోజుకు ఇన్నని గ్లాసుతో కొలిచి ఇవ్వమన్నారు.

సీతారత్నం కొలిచి ఇచ్చేది. అతను చివరి గుక్కను నోట్లో చాలాసేపు ఉంచుకునేవాడు.

రెండు వేల ఏడు వర్షాల్లో ఒక ఆదివారం, రిపోర్టు కాగితాలకు నకళ్లు తీయించడానికి పావని నెట్ సెంటర్‌కు వెళ్లారు. పావనికి ఇరవై మూడేళ్లు. టెక్కలిలో కంప్యూటర్ డిప్లొమా చేసి, మూడు కంప్యూటర్లతో ఆ కొట్టు తనే నడుపుకుంటోంది. వాన తగ్గలేదు. కూర్చున్నారు. ఊరికే కూర్చోలేక ఢిల్లేశ్వరరావు అడిగాడు.

"అమ్మా, దీంట్లో అన్నీ దొరుకుతాయంటారు గదా. ఎర్ర పడవాట దొరుకుతాదేటి?"

పావని నవ్వలేదు. వెతికింది. ఆ రోజు దొరకలేదు. మర్నాడూ దొరకలేదు. మూడో రోజు తనే ఇంటికి పరుగెత్తుకొచ్చింది.

పాత టీవీ ఆటలన్నీ ఎవరో ఒకచోట చేర్చి పెట్టారు. వందల ఆటలు. అందులో ఒక నీలం. నీలంలో ఒక ఎర్ర పడవ.

సీతారత్నం తెరను వేలితో తాకింది. ఏడవలేదు. "ఎక్కడ నొక్కాలి?" అంది.

ఇక ప్రతి ఆదివారం మధ్యాహ్నం పావని కొట్టులో మూడో కంప్యూటర్ వాళ్లది. రక్తం శుభ్రం చేసే సూదులతో అతని ఎడమచేయి గట్టిపడి ఉంటుంది కాబట్టి, అతను కుడిచేత్తో బాణం గుర్తులు నొక్కేవాడు. ఎడమవైపు కూర్చుని ఆమె పొడవాటి మీట నొక్కేది. మళ్లీ భుజానికి భుజం. కానీ అతను తొందరగా అలిసిపోయేవాడు; ఏడో ఒడ్డు దాటేలోపే ఆపాల్సి వచ్చేది.

"ఇప్పుడు!"

శనివారం అతను ఏ మంచం మీద పడుకుని ఏ గొట్టాల వైపు చూసినా, మనసులో ఆదివారం ఉండేది. అందుకే రైలెక్కేవాడు. ఆ సంగతి పైకి ఎప్పుడూ అనలేదు. ఆమెకు తెలుసు.

*

రెండు వేల ఎనిమిది జూన్. ఒక ఆదివారం నీలం రాలేదు.

తెల్లటి పేజీ. రెండు ఇంగ్లీషు వాక్యాలు.

పావని రెండుసార్లు చదివి చెప్పింది. "హక్కులున్న కంపెనీ అడిగిందంటక్కా. పాత ఆటలన్నీ తీసీసారంట."

"అయితే ఆ కంపెనీ అమ్ముతాదా?"

"నేదక్కా. ఎక్కడా అమ్మట్లేదు. ఇరవయ్యేళ్లనాటి ఆట."

"ఆళ్లు అమ్మరు. మనల్ని ఆడనివ్వరు. మరేటి సేసుకుంటారు దాన్ని?"



సీతారత్నం కుర్చీలోంచి లేవలేదు. "ఆళ్లకి ఉత్తరం రాయి," అంది. "నాను సెప్తాను."

పావని రాసింది. సీతారత్నం చెప్పినదాన్ని చెప్పినట్టే, తనకు వచ్చిన ఇంగ్లీషులో.

అయ్యా. మేము పలాస నుంచి. మీ ఆటలో ఏడు ఒడ్లు చేరాం. ఎనిమిదోది చూడలేదు. మేము ఓడిపోలేదు. మధ్యలో మీరు తలుపు వేశారు. ఒక్కసారి తెరవండి. చూసి వెళ్లిపోతాం.

"దయచేసి అని పెట్టనా అక్కా?"

"వొద్దు."

ఆ గురువారం ఢిల్లేశ్వరరావు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. "శనివారం నాను రాను," అన్నాడు.

"ఎందుకు?"

"కొబ్బరినీళ్లు వొద్దన్నారు, ఒగ్గీసాను. సెట్టెక్కొద్దన్నారు, ఒగ్గీసాను. నీళ్లు కొలిసి తాగమన్నారు, తాగుతన్నాను. ఆదివారం ఒక్కటుండేది. అదీ ఎవుడో ఎక్కడో కూకొని మూసీసాడు. ఇంక దేనికెల్లాలి నాను?"

నా కోసరం ఎల్లు... అనబోయింది ఆమె. అనలేదు. అది అడుక్కున్నట్టుంటుంది. ఆ ఇంట్లో ఇద్దరికీ అడుక్కోవడం రాదు.

శనివారం రైలు వెళ్లిపోయింది. కూత ఇద్దరికీ వినిపించింది.

సోమవారానికి అతని ముఖం ఉబ్బింది. మంగళవారానికి ఊపిరి అందలేదు. సీతారత్నం అతన్ని భుజానికి ఆనించుకుని రైలెక్కించింది. ఆసుపత్రిలో రెండు రోజులు. ఆమె తిట్టలేదు. అతని చేయి మాత్రం వదలలేదు.

తిరుగు రైలు నౌపడ దగ్గర నెమ్మదించింది.

కిటికీ అవతల ఉప్పుమళ్లు. చతురస్రాలు చతురస్రాలుగా నీళ్లు. ఒక్కో మడిలో ఒక్కో రంగు. కొన్ని తెలుపు, కొన్ని బూడిద, కొన్ని నీలం. గట్ల మీద మనుషులు వంగి ఉప్పు లాగుతున్నారు. సముద్రాన్ని తెచ్చి గళ్లలో పోసుకుని, గడికి గడి ఎండబెడుతున్నారు.

సీతారత్నం చాలాసేపు చూసింది.

"బావా. ఏడో దాంట్లో మొదటి రాయి ఎక్కడొస్తాది?"

అతను కళ్లు తెరవకుండానే చెప్పాడు. "జెండా దాటాక... రెండు అలలు. అప్పుడు రాయి."

"దాని తర్వాత?"

"పిట్ట. కిందనుంచి."

"గుర్తున్నాదన్నమాట."

"ఎలా పోతాది?"

*

స్టేషన్ నుంచి నేరుగా నెట్ సెంటర్‌కే వెళ్లారు. ఉత్తరం తిరిగొచ్చిందని పావని చెప్పింది. ఆ ఈమెయిల్ చిరునామా పని చేయడం లేదట.

"రాకపోతే పోనీ," అంది సీతారత్నం. "గ్రాఫు కాగితాలు ఎక్కడ దొరుకుతాయి?"

గడికి గడి. అలా మొదలైంది.

అతను మంచం మీద పడుకుని చెప్పేవాడు — రాయి, అల, అల, పిట్ట, సుడి. ఆమె పెన్సిలుతో గళ్లు నింపేది. కానీ రాయికీ రాయికీ మధ్య ఎంత దూరం? అది అతనికి తెలియదు. ఆమె మాటలకూ అందదు. ఆమె బొటనవేలికి మాత్రమే తెలుసు.

స్టీలు కంచం బోర్లించింది. కళ్లు మూసుకుంది. నల్లటి బొటనవేలు కంచం మీద కొట్టింది.

టక్. ... టక్ టక్. ... ... టక్.

అతను మధ్యలో మౌనాన్ని లెక్కపెట్టాడు. "నాలుగు గళ్లు. తర్వాత ఒకటి. తర్వాత ఏడు."

పదేళ్లు. తుఫాను, జబ్బు, జీడి సొన. ఏదీ ఆ వేలిలోంచి ఒక్క అలనూ చెరపలేదు.

పావని పగలు కొట్టు చూసుకుంటూనే, ఖాళీ దొరికినప్పుడల్లా డిప్లొమాలో నేర్చుకున్న ప్రోగ్రాముతో కాగితంలోని గళ్లను కంప్యూటర్‌లోకి ఎక్కించేది. మొదటిసారి పడవ వెనక్కి పోయింది. రెండోసారి ఆకాశంలోకి ఎగిరింది. మూడోసారి అల మీద గెంతి నీళ్లలో దిగింది... ముగ్గురూ ఒకేసారి అరిచారు.

"ఆ ఎరుపు కాదమ్మా," అన్నాడు ఢిల్లేశ్వరరావు. "జీడిపండు ఎరుపు."

పావని మార్చింది. అదే ఎరుపు.

ఒకనాడు పావని సందేహంగా అడిగింది. "అక్కా, ఇది దొంగతనమంటారేటో?"

"నా బొటనేల్లో ఉన్నదాన్ని నాను తీసుకుంటే దొంగతనమేటి?"

డిసెంబరు నాటికి ఏడు సముద్రాలూ వచ్చేశాయి. ఏడు జెండాలు లేచాయి. ఆ నెలల్లో అతను ఒక్క శనివారమూ మానలేదు. ఏడో జెండా తర్వాత మాత్రం తెర మీద ఏమీ లేదు.

"ఎనిమిదోది?" అని అడిగింది పావని.

"మాకు తెల్దు," అన్నాడు అతను. "తెలీనిది పెట్టొద్దు. అబద్ధం అవుద్ది."

సీతారత్నం మిగిలిన గ్రాఫు కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

ఏడూ అయిపోయాక, నెమ్మదిగా, అతని ముఖం మళ్లీ గోడ వైపు తిరగడం ఆమె చూసింది. జనవరిలో ఒక బుధవారం అతను, "ఈ శనివారం సూద్దాంలే," అన్నాడు. ఆ 'సూద్దాం' ఆమెకు నచ్చలేదు.

మర్నాడు ఫ్యాక్టరీలో పప్పు మీద పొట్టు తీస్తూ రాళ్లను ఆలోచించింది. అన్నం వేళ బస్తా మీద కూర్చుని గ్రాఫు కాగితం విప్పింది. సాయంత్రం దాన్ని పావని చేతిలో పెట్టింది.

శుక్రవారం అతనితో అంది. "ఎనిమిదోది వచ్చింది."

"ఎక్కణ్ణుంచి?"

"రేపు ఆస్పత్రికెల్లొచ్చి ఎల్లుండి సూద్దువు."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. వేళ్లకు అంటిన పెన్సిలు మరకను చూశాడు. లేచి, సంచిలో తువ్వాలు పెట్టుకున్నాడు.

*

ఆదివారం మధ్యాహ్నం. మూడో కంప్యూటర్. ఏడు జెండాలు దాటారు.

ఎనిమిదో సముద్రం తెరుచుకుంది.

ఇన్నేళ్లలో మొదటిసారి దారి ఆమెకు తెలుసు, అతనికి తెలియదు. ఆమె చెప్పలేదు. అతను "ఇప్పుడు" అనేదాకా నొక్కలేదు. పడవ మొదటి రాతికే మునిగింది. రెండోసారి పిట్టకు. మూడోసారి అలలో అల దాగి ఉంది. తొమ్మిదిసార్లు, పదిసార్లు, పదకొండుసార్లు...

అతని నుదురు చెమర్చింది. కళ్లు మెరిశాయి.

"ఇది నువ్వే గీసావు."

"ఎలా తెలిసింది?"

"ఆళ్లయితే ఇంత కోపంగా గియ్యరు."

పావని నవ్వింది. సీతారత్నం నవ్వలేదు. ఆమె తేలిగ్గా పెట్టలేదు. తేలిగ్గా పెడితే అతనికి తెలిసిపోతుంది. జాలి ఏ గడిలో ఉన్నా అతను పట్టేస్తాడు.

"అబద్ధమంటావా?" అంది.

"ఆడుతున్నాం గదా. ఆడుతున్నది అబద్ధమెలా అవుద్ది?"

పన్నెండోసారి రాళ్లన్నీ దాటారు. ముందు నీళ్లు. ఇంకా నీళ్లు. తర్వాత తెర ఆగిపోయింది. కాగితం అక్కడితో అయిపోయింది మరి. మిగతాది వచ్చేవారానికి గీద్దామనుకుంది. ఆ పై వారానికి ఇంకొంచెం.

అతను ఆగిపోయిన పడవను చూశాడు. అర్థమైంది.

"ఒడ్డెక్కడ?"

ఆమె మీట మీంచి వేలు తీసింది.

"రత్నం. ఒడ్డు పెట్టావా, నేదా?"

"ఇంకా నేదు."

పావని తల తిప్పుకుని ఏదో కాగితం సర్దింది. బయట కాశీబుగ్గ రోడ్డు మీద జీడిపిక్కల లారీ హారన్ కొడుతూ పోయింది. ఢిల్లేశ్వరరావు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. భుజం భుజానికి తగిలింది.

"పెట్టకు," అన్నాడు. "పెట్టావంటే ఊరుకోను."

"సరే."

"రాళ్లు ఇంకా దగ్గరగా పెట్టు. ఆ సుడి మరీ సిన్నది."

"పెడతాను. మునిగిపోతావు సూడు."

"సూద్దాం," అన్నాడు.

ఈ 'సూద్దాం' వేరు. అతని కుడిచేయి బాణం గుర్తు మీద అప్పటికే ఉంది.