గంప ఎవరిది

"ఇయ్యి ఇక్కడ అమ్మకు. పెందుర్తి పట్టుకెళ్లిపో" అన్నాడు నీలకంఠం.

వరహాలమ్మ గంప కడుగుతూ తలెత్తింది. వాకిట్లో గోనెపట్టా మీద చేపలు పోసి ఉన్నాయి. కానాగంత పిల్లలు. వేలెడంత కూడా లేవు. వర్షాలు పడేదాకా నీళ్ళలో వదిలేస్తే జానెడు పెరిగేవి.

"ఏటలా సూత్తన్నావ్? సేపల్నెప్పుడూ సూళ్ళేదా?"

"సన్నకన్ను వలేసినావా మావా?"

"నీకెందుకు. నీటిలో ఉన్నంతసేపే నావి. ఇసక మీద పడ్డాక నీవి. అమ్ముకో."

ఆమె ఉతికిన తెల్లచొక్కా తొడుక్కుని బయటికి పోయాడు.

ఆ మాట పేటలో పాతదే. సముద్రం మగవాడిది, ఒడ్డుకొచ్చిన సరుకు ఆడదానిది. అది ఆడదానికిచ్చిన గౌరవమని అత్త జోగమ్మ చెప్పేది. కాపరానికి వచ్చిన కొత్తలో వరహాలమ్మ కూడా నమ్మింది. తర్వాత అర్థమైంది. చేప బాగా పడితే అది అతని గొప్ప. అమ్ముడుపోకపోతే ఆమె చేతకానితనం. ఎండబెట్టింది వానకు తడిస్తే ఆమె బద్ధకం. గంప బరువుకు మెడ పట్టేసి మూలిగితే "మీ అమ్మకీ ఇదే రోగం" అనేవాడు. గౌరవం అంటే బరువుకు ఇంకో పేరు.

ఆ వేసవిలో, చేపపిల్లలు కూడా తప్పించుకోలేని సన్నకన్ను వల వెయ్యకూడదని కట్టుబాటు పెట్టింది నీలకంఠమే. వేసవి నిషేధం రాకముందంతా హార్బరు నుంచి పెద్ద బోట్లు ఒడ్డు దాకా వచ్చి సముద్రం అడుగు ఊడ్చుకుపోయాయి. నాటుపడవలకు ఏమీ పడటం లేదు. అధికార్లకు మొర పెట్టుకుంటే, ముందు మీ పేట సంగతి చూసుకోండన్నారు. ఆ రోజు రామమందిరం ముందు అతను లేచి నిలబడ్డాడు. "పెద్ద బోటోడు తల్లిని పట్టుకుపోతన్నాడు. మనం పిల్లని పట్టుకుపోతన్నాం. ముందు మన సెయ్యి మనం కట్టేసుకుందాం. అప్పుడాడ్ని అడుగుదాం" అన్నాడు. అందరికీ టీ పోస్తూ వరహాలమ్మ విన్నది. అంత మంచి మాట అతని నోట ఇంట్లో ఎన్నడూ వినలేదు. గర్వపడింది. కట్టుబాటు న్యాయమైనదే. ఈరోజు ఆమెకు మింగుడు పడనిది కూడా అదే. తప్పుడు కట్టుబాటైతే తప్పించుకోవడం తేలిక.

మొదట దొరికింది గంగాలమ్మ. పక్కవీధి మనిషి. గంపలో చిన్నచేపలు కనబడ్డాయి. పెద్దలు ఒక్క మాటే అడిగారు, గంప ఎవరిదని. నాదే అంది. వేసవి పోయేదాకా ఒడ్డుకు రాకూడదన్నారు. ఒడ్డుకు రాని ఆడదానికి వేలంపాటలో సరుకు దొరకదు. ఆమె కూర్చునే చోటు ఇంకొకరిదౌతుంది. ఆమె తిరిగే ఇళ్ళు ఇంకొకరి ఇళ్ళౌతాయి. గంగాలమ్మ ఇప్పుడు ఊళ్ళో ఎవరింట్లోనో అంట్లు తోముతోంది. ఆ చేపలు ఏ వలలో పడ్డాయని ఎవరూ అడగలేదు. వరహాలమ్మ కూడా ఆ రోజు అడగలేదు. తగిన శాస్తే అనుకుంది.

పట్టుకెళ్లను అనాలనుకుంది. నీలకంఠం కొట్టే మనిషి కాదు. మాట్లాడడం మానేస్తాడు. ఆ ఖాళీలో జోగమ్మ మాట్లాడుతుంది. "నా కొడుకు పేటకి పెద్ద. ఆడి మాట ఇంట్లోనే సెల్లకపోతే బయటేటి సెల్లుద్ది?" ఆ మాట ఇంతకు ముందు చాలాసార్లు విన్నది. చేపలు గంపకెత్తింది.

బస్సులో సీట్లు ఖాళీగానే ఉన్నాయి. "ఏయ్ చేపలూ, ఎనక్కి పో" అన్నాడు కండక్టరు. ఎప్పుడూ అలాగే పిలుస్తాడు. వెనక నిలబడింది.

పెందుర్తి కాలనీలో కామేశ్వరి గేటు తీసింది. గోదావరి మనిషి. భర్త పోర్టులో పని చేస్తాడు.

"ఇదేంటి వరాలమ్మా, ఇంతింత చిన్నవి? ఇవి బాగుచేసేసరికి నా నడుం పడిపోతుంది."

"ఒద్దులెండమ్మా అయితే."

"వద్దనడానికి నేనెవర్ని? ఆయనకి కరకరలాడే వేపుడు కావాలి. తినేవాడికి వలిచేవాళ్ళ సంగతేం తెలుసు." కామేశ్వరి గిన్నె తెచ్చి పట్టింది. "అవునూ, ఇప్పుడు వేట ఆపేశారని పేపర్లో రాశారు. మీకు లేదా?"

"అది పెద్ద బోట్లకమ్మా."

అది నిజం. కానీ ఆమె అడిగినదానికి అది జవాబు కాదు. చేపలు గిన్నెలో పోస్తూ వరహాలమ్మ కామేశ్వరి మొహం చూడలేదు.

అన్నీ అమ్ముడుపోలేదు. తిరిగొచ్చి బస్సు దిగింది. గంప తలకెత్తుకోవాలంటే ఇంకో చెయ్యి కావాలి. అప్పుడే పని ఇంటినుంచి వస్తూ గంగాలమ్మ ఎదురైంది. అలవాటుగా వంగి ఒక పక్క పట్టుకుంది. పైన కప్పిన గుడ్డ జారింది. గంగాలమ్మ గంప వదిలేసింది.

"ఓలప్పా. పెద్దోరి ఇంట్లో సేపలకి పెరగడం రాదు కాబోలు."

"గంగా, నా మాటిను."

"నా మాట ఎవులిన్నారప్పా?"

మర్నాడు రామమందిరం ముందు అందరూ చేరారు. మగవాళ్ళు అరుగు మీద. ఆడవాళ్ళు కింద. అందరిలోకీ పెద్దవాడు చలమయ్య అడిగాడు.

"గంపెవరిది?"

వరహాలమ్మ నోరు తెరిచింది. నీలకంఠం అందుకున్నాడు.

"మా ఇంటిదే. ఆడదానికి ఆశ. నాకు తెలీకండా పక్కపేటలో కొని పట్టుకెళ్లింది. కట్టుబాటు అందరికీ ఒకటే. ఏసవి ఎళ్ళేదాకా ఒడ్డుకి రాదు."

తీర్పు కూడా అతనే చెప్పాడు. అందరూ మెచ్చుకున్నారు. "సొంత పెళ్ళాన్నే ఒగ్గలేదు. పెద్దరికమంటే అదీ బావా" అన్నారు. అతను తల వంచుకుని ఆ మెప్పును తీసుకున్నాడు. వరహాలమ్మ అతన్నే చూస్తోంది. ఒక్కసారి ఇటు చూస్తాడేమో, క్షమించమని కళ్ళతోనైనా అడుగుతాడేమో అనుకుంది. చూడలేదు.

రాత్రి అన్నం దగ్గర అన్నాడు. "నాలుగు రోజులు పోతే మర్సిపోతారు. ఇంట్లో కూకో. సుకమే గదా."

జోగమ్మ చారు వడ్డించుకుంటూ అంది. "మగోడి పరువు పోతే ఇల్లు పోద్ది. నీ పరువుకేటే, మళ్ళీ వత్తది."

ఆమె ఇంట్లో కూర్చుంది. పొద్దున్నే ఒడ్డున పాట పాడే గొంతులు ఇంటికి వినబడేవి. ధర ఎక్కడ ఆగాలో ఆమెకు తెలుసు. ఆగినచోట ఇంకొకరి గొంతు పలికేది. వండింది, ఊడ్చింది, నీళ్ళు మోసింది, తెల్లచొక్కా ఉతికింది. పేటలో అతని మాటకు ఇప్పుడు విలువ పెరిగింది. ఇరుగుపొరుగు తగాదాలు కూడా అతని దగ్గరికే వస్తున్నాయి. ఆమె తప్పు అతని పెద్దరికానికి మెట్టు అయింది. దొంగతనం సముద్రం దగ్గర చేశాడు, ఆమె దగ్గరా చేశాడు. సముద్రం మాట్లాడదు. ఆమె మాత్రం మాట్లాడిందా? చేపపిల్లలు పట్టుకెళ్లినప్పుడు నోరు మూసుకుంది. శిక్ష పడ్డప్పుడూ మూసుకుంది. ఏ మాట చెప్పుకోడానికీ మిగల్లేదని తోచింది. చావలేక బతకడం అంటారే, అది ఇంత మామూలుగా ఉంటుందని ఆమెకు తెలియదు. పొయ్యి మీద అన్నం ఉడుకుతూనే ఉంటుంది.

కొన్నాళ్ళకు వాకిట్లో మళ్ళీ గోనెపట్టా. మళ్ళీ కానాగంత పిల్లలు.

"రోజా సేత పంపు" అన్నాడు నీలకంఠం. "బడికెళ్ళే పిల్లని ఎవడూ అనుమానించడు."

అని చీట్లాటకు పోయాడు. రోజా అంటే వాళ్ళ కూతురు రోజారమణి. తొమ్మిది పాసై సెలవుల్లో ఉంది. తండ్రి చెప్పిన పని గనక ఎదురు అడగలేదు. తువ్వాలు చుట్టి తల మీద పెట్టుకుని, చేపలు గంపకెత్తి పిలిచింది.

"అమ్మా, సెయ్యెయ్యి."

వరహాలమ్మ వంగి ఒక పక్క పట్టుకుంది. పిల్ల మెడ సన్నగా ఉంది. రేపు చలమయ్య అడుగుతాడు. గంప నాదేనని ఈ పిల్ల అంటుంది. వెనకనుంచి తండ్రి తీర్పు చెబుతాడు. మళ్ళీ అందరూ మెచ్చుకుంటారు.

గంప దించింది. చేపలు గోనెపట్టా మీద గుమ్మరించింది. లోపలికెళ్ళి అటక మీంచి వల లాగింది. ఇంకా తడిగానే ఉంది. జోగమ్మ గుమ్మానికి అడ్డం వచ్చింది.

"ఏటే అది? ఎక్కడికే?"

"తప్పుకో అత్తా."

వల గంపలో కుక్కింది. "ఇప్పుడెయ్యి సెయ్యి" అంది కూతురితో.

రామమందిరం అరుగు మీద మగవాళ్ళు చీట్లాడుతున్నారు. ఆడవాళ్ళు ఆ అరుగు ఎక్కరు. వరహాలమ్మ ఎక్కింది. గంప బోర్లించింది. వల పేకముక్కల మీద పడింది.

"గంప నాదే. ఒప్పుకున్నాను, శిక్షా పడ్డాను. ఈ వలెవరిదో సెప్పండి."

ఆ పేటలో ఎవరి వల వాళ్ళే బాగుచేసుకుంటారు. తెగిన కన్ను కట్టడంలో ఒక్కొక్కడి చెయ్యి ఒక్కో రకం. ముడి చూసి మనిషిని చెప్పగలరు. అందరూ ముడులు చూశారు. తర్వాత ఎటో చూశారు. చలమయ్య ముక్కలు ఏరుకుంటూ గొణిగాడు.

"ఇంటి గొడవలు ఇంట్లో సూసుకోండమ్మా."

అప్పుడు ఆమెకు తెలిసింది. ఇలాంటి వల ఇంకా చాలా అటకల మీద ఉంది. వల సంగతి ఎవరూ ఎందుకు అడగలేదో కూడా తెలిసింది.

"వలట్టుకుని ఇంటికి నడు" అన్నాడు నీలకంఠం. గొంతు పెద్దది చెయ్యలేదు.

"నాను మొయ్యను."

అతను వంగబోయి ఆగాడు. చుట్టూ చూశాడు. "ఎవర్రా, తీసి ఆ పక్కనడెయ్యండి" అన్నాడు. ఎవరూ కదల్లేదు. ముట్టుకున్నవాడిది అయిపోతుంది. ఒకడు చెప్పులు తొడుక్కున్నాడు. ఇంకొకడికి పని గుర్తొచ్చింది. అరుగు ఖాళీ అవుతోంది. నీలకంఠం కూడా దిగి ఇంటివైపు నడిచాడు. ఇంట్లో అన్నం వండి లేదు.

వరహాలమ్మ వల పక్కన కూర్చుంది. వల ఎవరిదో ఒక్కరూ చెప్పరని ఆమెకు తెలుసు. అయినా చెప్పేదాకా లేవదలుచుకోలేదు.