పేరు కోసం ఆగిన సర్వరు

ఫోనులో ఉమామహేశ్ చెప్పింది ఇంతే: "గోదాంలో మళ్ళీ బగ్ వచ్చింది శ్రీరంగంగారూ. దాన్ని పట్టుకునేదాకా జనాన్ని ఇటు పంపకండి."

భోపాల్‌పట్నం బజారులో ఛాయ్ బండి దగ్గర, పక్కన లారీ గుర్రుమంటుండగా విన్న శ్రీరంగంగారి చెవిలో ఆ బగ్గు కాస్త సాగి, చివర్లో కాస్త గాలి పీల్చుకుని, బాఘ్ అయి కూర్చుంది. హిందీలో బాఘ్ అంటే పులి. ఇంద్రావతి అడవి అంచున బతికేవాళ్ళకి ఆ మాటకి అర్థం చెప్పక్కర్లేదు. "గోదాంల బాఘ్ సొచ్చిందంట!" అని ఆయన వేసిన కేక తెలుగులో బయల్దేరి, హిందీలో మలుపు తిరిగి, గోండీలో ఊరు దాటింది. షట్టర్లు దిగాయి. ఛాయ్ తాగుతున్నవాళ్ళు గ్లాసులతో సహా మాయమయ్యారు.

ఇదేమీ ఉమామహేశ్‌కి తెలీదు. ఊరి చివర రేకుల గోదాములో, ఇప్పపువ్వు బస్తాల వాసన మధ్య, నల్లటి తెర ముందు కూర్చుని ఉన్నాడు.

ఇప్పపువ్వు కొనే సహకార సంఘానికి శ్రీరంగంగారు అధ్యక్షుడు, ఉమామహేశ్ ఒకే ఒక్క కంప్యూటరు మనిషి. జగ్‌దల్‌పూర్‌లో అన్నలు బట్టల కొట్టు పంచుకుంటే, ఇతను లినక్స్‌లో లీనమయ్యాడు. పేరులో ఉమ ఉంది గాని ఇంట్లో లేదు. మహేశుడే వండుకుని, మహేశుడే తిని, మహేశుడే గిన్నెలు తోముకుంటాడు. సర్వర్ చూసుకునే ఉద్యోగమంటే "ఏ హోటల్ల?" అని అడిగేవారు ఊళ్ళోవాళ్ళు. మొదట్లో విడమరచి చెప్పేవాడు. తర్వాత ఏదో ఒక హోటలు పేరు చెప్పేసేవాడు. ఆ తర్వాత వాళ్ళు అడగడమే మానేశారు. అందరికీ అతను కంప్యూటర్ బాబు, అంతే.

ఈ మధ్య తూకం చీటీలు అచ్చువేసే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీని కొత్త వెర్షన్‌కి మార్చాడు. అప్పట్నుంచీ తంటా మొదలైంది. జనం గంపలతో బారులు తీరిన వేళ సర్వరు ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. తప్పు జరిగిందని చెప్పదు. చావదు, బతకదు. ఆపి మళ్ళీ మొదలుపెడితే ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. లాగులు లాగి లాగి చూశాడు. లాగంటే నిక్కరు కాదు, యంత్రం తను చేసిన పనులు తనే రాసుకునే చిట్టా. కళ్ళు లాగాయి తప్ప కారణం దొరకలేదు.

ఆ ప్యాకేజీ రాసినవాళ్ళు ఏవేవో దేశాల్లో ఉంటారు. వాళ్ళకి రిపోర్టు పెట్టాడు. "మా దగ్గర బాగానే ఉంది" అన్నారు. ఇంకెవరికైనా ఇలా అవుతోందా అని కింద రాశారు. ఎవరూ పలకలేదు. లోకంలో ఇన్ని సర్వర్లుండగా ఈ జబ్బు అతనొక్కడికే వచ్చింది! చివరికి ఇవాళ పొద్దున్న, "ఏం చేస్తే ఆగుతుందో మేమూ చేసి చూసుకునేలా రాయండి, లేకపోతే సాయంత్రానికి రిపోర్టు మూసేస్తాం" అని కబురొచ్చింది.

తను వచ్చి చూసినప్పుడల్లా అది చక్కగా నడవడంతో శ్రీరంగంగారైతే ముందే తేల్చేశారు. "నీకు గట్ల అనిపిస్తుందేమో బాబూ. ఒక్కడివే ఉంటే గిట్లనే అయితది."

రిపోర్టు మూసేస్తే ఆ మాటే ఖాయమైపోతుంది. ఉద్యోగం గురించి కాదు అతని భయం. తన కళ్ళతో చూసింది, తను చూడనే లేదని అందరూ నిర్ణయించేస్తారు. అదీ భయం.

జనం రాలేదు. కౌంటరులో కూర్చునే సుధామణి కూడా రాలేదు. తన మాట ఇంతమంది వినడం ఇదే మొదటిసారి కాబట్టి అతనికి కొంచెం గర్వం కూడా కలిగింది. సుధామణి కుర్చీలో కూర్చుని, ఊరికే తోచిన పేర్లు కొట్టాడు. హుంగా, సుక్కా, అప్పయ్య, వాళ్ళ తండ్రులు, వాళ్ళ భార్యలు. చీటీలు గడగడా వచ్చేశాయి. ఇంకా కొట్టాడు. ఇంకా వచ్చాయి. మా దగ్గర బాగానే ఉందని ఇప్పుడు సొంత యంత్రమే చెబుతోంది.

"ఆగవే తల్లీ, ఒక్కసారి ఆగు" అన్నాడు పైకే. ఆ మాట రేకులకి తగిలి తిరిగొచ్చింది. ఇక్కడ తనతో మాట్లాడేది ఆ రేకులే.

అడవి వైపు తలుపు దగ్గర అలికిడైంది. నెత్తిన గంపతో దోర్ల తెగ ఆడమనిషి ఒకామె లోపలికొచ్చింది.

"ఏంది బాబూ, ఒక్కరు లేరు? బంద్ ఉందా ఏంది?"

"ఏమోనమ్మా. దించు, తూస్తాను. పేరు?"

"ఆయతి."

కొట్టాడు. తర్వాతి గడి భర్త పేరు. "మీ ఆయన పేరు?"

ఆయతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెప్పమ్మా."

"అయ్యో, నేనెట్ల చెప్త? మొగని పేరు పెండ్లాం పలుకుతదా?"

"మరి రోజూ చీటీ ఎలా తీసుకుంటున్నావు?"

"సుధామణక్క అడగది. ఒక్కపారి టక్కుమనిపిస్తది, అయిపోతది. గీ నడుమ పెట్టె ఆగితే చేత్తోనే రాసిస్తది."

ఉమామహేశ్ వేళ్ళు ఆగాయి. ఫోను తీసి సుధామణికి కొట్టాడు.

"బాబూ!" అంది ఆవిడ గుసగుసగా. "నువ్వింక బతికే ఉన్నవా?"

"ఉన్నానండి. మొగుడి పేరు చెప్పనివాళ్ళకి మీరు ఏం కొడతారు?"

"గిప్పుడు అడిగే మాటనా ఇది? చిన్న అడ్డగీత కొడ్త. ఆడోళ్ళను ఇబ్బంది పెడ్తమా ఏంది? నువ్వు ముందు బయటికి ఉరుకు!"

"పనుందండీ" అని పెట్టేశాడు.

గడిలో ఒక గీత కొట్టాడు. సర్వరు బిగుసుకుపోయింది.

లినక్స్ లోకంలో ఒక పాత ఆచారం ఉంది. పేరుండాల్సిన చోట ఒంటరి గీత కనిపిస్తే, "ఇంకా చెబుతారు, ఆగి విను" అని దానర్థం. పాత వెర్షన్‌కి ఈ ఆచారం పట్టేది కాదు, గీతని గీతలాగే అచ్చువేసి ఊరుకునేది. కొత్తది బాగా చదువుకుని వచ్చింది. గీత కనబడగానే చెవులు రిక్కించి కూర్చునేది, ఎవరో ఒకరు ఆ పేరు చెబుతారని. చెప్పకపోవడం వీళ్ళ మర్యాద, చెప్పేదాకా ఆగడం దాని మర్యాద. లాగులో ఏముంటుంది? వినడమే పనిగా పెట్టుకున్నవాడు రాసుకునేదేముంది? ఉమామహేశ్ పరీక్ష పెట్టినప్పుడల్లా అన్ని గడులూ నిండుగా నింపేవాడు. పేరు చెప్పడానికి సిగ్గుపడే మనిషి అతనికెప్పుడూ ఎదురవలేదు. అసలు ఎదురైన మనుషులే తక్కువ.

రిపోర్టులో రాశాడు: "భర్త పేరు గడిలో ఒక్క గీత కొట్టండి. ఆగి చూడండి." ఎందుకు కొడతారని అడుగుతారేమోనని ఇంకో వాక్యం చేర్చాడు: "మా దగ్గర ఆడవాళ్ళు భర్త పేరు పలకరు."

"నా చీటీ?" అంది ఆయతి.

"ఇస్తాను. ఆ పేరు కోసమే ఈ పెట్టె ఆగి కూర్చుంది. సైగ చేసైనా చెప్పు, ఆయన పేరు."

"సోమారం పోయినంక ఏమొస్తది?"

"మంగళవారం... మంగూనా?"

ఆయతి కొంగులో పడీపడీ నవ్వింది. పెట్టెకి ఆ సైగ ఎంతకాలం కూర్చున్నా అందేది కాదు.

సర్వరుని ఆపి మళ్ళీ మొదలుపెట్టి, చీటీ ఆమె చేతికిచ్చి తిరిగేసరికి తెర మీద జవాబుంది. "చేసి చూశాను. మా దగ్గరా ఆగిపోయింది. సరిచేస్తున్నాం." ఊరూ పేరూ తెలియని మనిషెవరో రాశాడు. మా దగ్గరా. ఉమామహేశ్ ఆ రెండు మాటలు మళ్ళీ మళ్ళీ చదివాడు. తర్వాత ఆగలేక బయటికి పరుగెత్తాడు.

"దొరికింది! బగ్గు దొరికింది!"

బయట ట్రాక్టరు ట్రాలీలో శ్రీరంగంగారు, కర్రలతో మగాళ్ళు, డప్పులు, వల భుజాన వేసుకున్న అడవిశాఖ గార్డు. దూరంగా చెట్ల చాటున ఆడవాళ్ళు, వాళ్ళలో సుధామణి.

"కట్టేసినవా?" అన్నారు శ్రీరంగంగారు.

"కట్టడమెందుకండీ, రిపోర్టు పెట్టాను. బయటి దేశంవాళ్ళు సరిచేస్తామన్నారు."

"బాఘ్‌ను సరిచేసుడేంది? చారలు మారుస్తరా?"

"బాఘేంటండీ? నేనన్నది బగ్. ప్యాకేజీలో తప్పు."

ట్రాలీ మీద ఎవరో ముందు నవ్వారు. తర్వాత డప్పుల వాళ్ళు. గార్డు విసుక్కుంటూ వల మడిచాడు. శ్రీరంగంగారు మాత్రం నవ్వలేదు. "అంటే అది నిజంగనే ఆగుతుండె అన్నట్టు."

"నిజంగానేనండి."

"సరే. నేనే తప్పన్న."

వెనక నిలబడ్డవాళ్ళకి తెలుగు అందలేదు. పులి ఎటు పోయిందని గోండీలో అరుస్తున్నారు. "ఆగుండ్రి, నేను చెప్త" అంటూ, అతని వెనకే బయటికొచ్చిన ఆయతి పక్కనున్న గట్టు మీదికెక్కింది. ఎక్కి, వెనక్కి తిరిగింది.

"ఎవరు చెప్పిన్రని చెప్పాలె? నీ పేరేంది బాబూ?"

అతను సర్వరులాగే ఒక్క క్షణం బిగుసుకుపోయాడు.

"ఉమామహేశ్."

ఆయతి గొంతెత్తి అందరికీ చెప్పింది. పులి లేదు, పెట్టె ఒకటి ఉంది, అది పేరు కోసం ఒక్కతే చూస్తూ కూర్చుందట. ఆ భాష అతనికి రాదు. మధ్యలో వచ్చిన తన పేరు మాత్రం వినబడింది.