ఒక్క రింగు

గంగాధరం గోదారి ఇసుకలో తమ్ముడి ఛాతీ కొలుస్తున్నాడు, ఎంత లాగినా టేపు మీద కొలత చాలడం లేదు, ఆర్మీ సెలక్షనుకి చూస్తే ఇంకా పది నిమిషాలే ఉంది. "ఊపిరి బిగబట్టరా వెధవా," అని కసురుతున్నాడు. నూకరాజు పోయి ఏడు నెలలైందని అతనికి తెలుసు, తెలిసీ కొలుస్తూనే ఉన్నాడు. కలలో అంతే కదా, చచ్చినవాడికి కూడా ఉద్యోగం వేయించాలి! ఫిరంగి దళంలో హవల్దారుగా చేసి రిటైరైన ఈ పెద్దన్నే ఒకప్పుడు కడగొట్టు తమ్ముణ్ణి తెల్లారకుండా లేపి ఇదే గోదారి ఇసుకలో పరిగెత్తించాడు, విజిలు ఇప్పటికీ మెడలోనే వేలాడుతోంది. టేపు ఎడమ పక్కన లోపలికి జారిపోతోంది. అక్కడ కొలవడానికి ఏమీ లేదు.

"వదిలెయ్యన్నయ్యా, చాలదు," అంటాడు నూకరాజు, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ. ఇసుక తెల్లబడి మంచవుతుంది, మంచులో కందకం, కందకంలో వాళ్ళింటి గ్యాసు పొయ్యి, దాని పక్కన పళ్ళెం మూసిన అన్నం గిన్నె. అవతల నూకరాజు ఫిరంగి, గొట్టానికి గుడ్డ కట్టి, ఏనుగంత నిలబడి ఉంది. దాన్ని చూడగానే గంగాధరానికి ప్రాణం లేచొస్తుంది.

"ఇంత ఫిరంగి పెట్టుకుని ఎలా పోయావురా? కొట్టొచ్చు కదా!"

"ఎవర్ని?"

గంగాధరం కొండల వైపు చెయ్యి చూపిస్తాడు. అక్కడ ఎవరూ లేరు.

"మిక్సీ తిరుగుతున్నట్టు చప్పుడొచ్చిందన్నయ్యా, అంతే. తలెత్తి చూస్తే డ్రోను, నీ చెప్పుల జత అంత లేదది. ఆడించేవాడు ఎక్కడో గదిలో కూర్చుని కుర్చీ ముందుకు లాక్కుంటున్నాడు. ముప్పై కిలోమీటర్లు కొట్టే ఫిరంగి పెట్టుకుని నెత్తిమీది ఈగని తోలుకోలేకపోయాను."

"అయినా మనవాళ్ళు ఊరుకోలేదురా, ఆ కొండంతా దుమ్ము లేపేశారు. పేపర్లో వచ్చింది. వీధిలో అందరికీ స్వీట్లు పంచాను."

"మూడు రోజులు లేపారు. పెద్ద రాళ్ళు చిన్న రాళ్ళయ్యాయి. నాలుగో రోజు పొద్దున్నే మళ్ళీ అదే చప్పుడు, ఈసారి మా వంటవాడు పోయాడు. స్వీట్లు బాగున్నాయా?"

 గంగాధరం నోట్లో ఇంకా తియ్యగా ఉంది, ఉమ్మేద్దామంటే రావడం లేదు.

"అమ్మకి చెప్పావా?" అంటాడు నూకరాజు.

అదిగో, వచ్చింది అసలు సంగతి. ఆ ఇంట్లో ఒక అలవాటుంది: సరిహద్దులో ఉన్న కొడుకు దీపాలు పెట్టే వేళకి అమ్మకో మిస్డ్ కాల్ ఇవ్వాలి, ఒక్క రింగు మోగి ఆగిపోవాలి, అప్పుడుగానీ మాణిక్యమ్మ కంచం ముందు కూర్చోదు. పోవడానికి ముందురోజు నూకరాజు అన్నకి ఫోన్ చేశాడు. "రేపట్నుంచి ఫోన్లు ఆపెయ్యమన్నారన్నయ్యా, తెరిస్తే ఎక్కడున్నామో అవతలివాడు పట్టేస్తాడట, అమ్మకి నువ్వే చెప్పి తినిపించు," అన్నాడు. గంగాధరం నవ్వాడు. "మేం నెత్తిన గుళ్ళు పడుతుంటే చపాతీలు తిన్నాంరా, నువ్వు ఫోనుకి భయపడే సిపాయివా? ఒక్క రింగు. ఎవడు పసిగడతాడు?" అన్నాడు. అమ్మకి మాత్రం చెప్పలేదు. మర్నాడు సాయంత్రం రింగు వచ్చింది. తల్లి కడుపు నిండా తింది.

"నాకు తెలీలేదురా. మా రోజుల్లో..."

"మీ రోజుల్లో శత్రువు కళ్ళతో వెతికేవాడు."

"తప్పైపోయిందిరా తమ్ముడూ, క్షమించు."

"దాంతో నాకేం పని? ఆ ఆఖరి రింగు అందడం తన అదృష్టమనుకుంటోంది అమ్మ. నన్ను పట్టించింది అదేనని చెప్పు. ఇవ్వమన్నది నువ్వేనని చెప్పు. లేవగానే చెప్పు."

"అమ్మ బతకదురా!"

"నేను బతికానా?"

మాణిక్యమ్మ అక్కడే, పొయ్యి దగ్గర, అటు తిరిగి కూర్చుని ఉంది. "అమ్మా" అని పిలవబోతే గంగాధరం నోట్లోంచి విజిలు మోగుతుంది, ఇంకా గట్టిగా అరిస్తే ఇంకా గట్టిగా విజిలే, పైన మిక్సీ చప్పుడు దగ్గరపడుతోంది, తల్లి లేవడం లేదు. నూకరాజు అన్న చేతిలో ఫోను పెట్టి వేళ్ళు మూస్తాడు. నవ్వుతున్నాడు వాడు, చిన్నప్పటి నవ్వు కాదు. "నువ్వే ఇవ్వు," అంటాడు. "ఒక్క రింగు. ఎవడు పసిగడతాడు?"

గంగాధరం నొక్కుతాడు.

మెలకువ వచ్చింది. మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చినవాడు దీపాల వేళదాకా పడుకున్నాడు. చేతిలో తమ్ముడి ఫోను ఉంది, వాడి సామానుతో ట్రంకు పెట్టెలో తిరిగొచ్చింది, అద్దం మాత్రం పగిలింది. ఇది చూపించి అమ్మకి అంతా చెప్పేస్తానని రోజూ అనుకోవడం, ఛార్జింగు పెట్టి, రీఛార్జి చేయించి దాచుకోవడం, ఏడు నెలలుగా ఇదే వరస. ఇప్పుడు బొటనవేలు "అమ్మ" అన్న పేరు మీద ఉంది. పక్కగదిలో కోడి కూసింది. నూకరాజు తన నంబరుకని తల్లి ఫోనులో పెట్టి వెళ్ళిన కూత అది. గంగాధరం హడలిపోయి కట్ చేశాడు. సరిగ్గా ఒక్క రింగు.

పరిగెత్తాడు. మాణిక్యమ్మ మంచం మీద లేచి కూర్చుని ఉంది, ఫోను రెండు చేతులా గుండెకి అదుముకుని.

"ఇచ్చాడురా పెద్దోడా! శవపెట్టె మూత తియ్యనివ్వనప్పుడే అనుకున్నాను, అందులో ఉన్నది వాడు కాదని."

"అమ్మా, అది కాదే... నేను చెప్పేది విను..."

"తర్వాత చెబుదువుగాని. ముందు అన్నం పెట్టు నాయనా, ఆకలేస్తోంది."

ఏడు నెలలుగా పొద్దువాలాక ఆవిడ మెతుకు ముట్టలేదు.  గంగాధరం వంటింట్లోకి వెళ్ళి గిన్నె మీది పళ్ళెం తీశాడు, అదే పళ్ళెంలో అన్నం, పప్పు వడ్డించి తెచ్చాడు. ఆవిడ ఆబగా కలుపుకుని నాలుగు ముద్దలు మింగి, చెయ్యి ఆపి, మసకబారిన కళ్ళతో అతని వైపు చూసింది.

"రేపు కూడా ఇస్తాడంటావా?"

"ఇస్తాడమ్మా," అన్నాడు గంగాధరం.