మొదటి బంతి భోజనం

చావు తప్పించుకుని వచ్చిన మనిషి కోసం మందిరంలో కృతజ్ఞతా కూడిక పెట్టారు. ఆ కూడికకు బియ్యం కడుగుతున్నది ఆ మనిషే. కొళాయి దగ్గర కూర్చున్న ఎలీషబాను చూసి అత్త దయామణి, "నీ కోసమే గదా ఇదంతా. రెండు చేతులాడిస్తే అరిగిపోతావా ఏంది?" అని వెళ్లింది.

ఎలీషబాకు నవ్వొచ్చింది. ఈ మధ్య ఆమెకు అన్నిటికీ నవ్వే వస్తోంది. చన్నీళ్లు చేతికి తగలడం, ఎండ కంట్లో పడ్డా తల పగలకపోవడం, బియ్యంలో రాయి కంటికి కనబడటం, అన్నీ దేవుడు తిరిగి ఇచ్చినవే. అందులో ఆమెకు అనుమానం లేదు. ఎవరి చేతుల మీదుగా ఇచ్చాడన్నదే మనసులో తిరుగుతోంది.

తలనొప్పి ఎండాకాలంలో మొదలైంది. "పని ఎగ్గొట్టేదానికి ఆడోళ్లకు దొరికిన రోగం" అన్నాడు మొగుడు ప్రభుదాస్. అత్త నూనె రాసి ప్రార్థన చేయించింది. మెడ బిగుసుకుపోయి, కన్నకొడుకు డానీని "ఎవరు బాబూ నువ్వు" అని అడిగిన నాడు కూడా, "పలకల లోడు ఎత్తినాక చూద్దాంలే" అన్నాడు ప్రభుదాస్. అప్పుడు ఆటో పిలిచింది దానమ్మ. మార్కాపురం పలకల షెడ్డులో ఎలీషబా పక్కనే కూర్చుని పలకలకు చట్రాలు బిగించే మనిషి. ఇక్కడి డాక్టరు గుంటూరు పొమ్మంటే, బస్సులో ఆమె తలను ఒళ్లో పెట్టుకుని గుంటూరు దాకా తీసుకుపోయింది. తన పని పోతుందని ఒక్క మాట అనలేదు.

అక్కడ వెన్నులోంచి నీరు తీసి చూసి, మెదడు పొరల్లో బూజు చేరిందన్నారు. "ఈ బూజు పావురాల రెట్టలో ఉంటుంది. మీరు పనిచేసేచోట పావురాలున్నాయా?" అని అడిగింది డాక్టరమ్మ. లేకేం! షెడ్డు దూలాల నిండా అవే. పొద్దున్నే వాటి రెట్ట ఊడ్చేది ఆడవాళ్లే. ఊడిస్తే కూలి లేదు, ఊడవకపోతే మేస్త్రీ తిట్లున్నాయి. మగవాళ్లు టీ తాగి, ఊడ్చిన షెడ్డులోకి తీరిగ్గా వస్తారు.

"మెదడు చుట్టూ కాపలా ఉంటుందమ్మా, దేన్నీ తేలిగ్గా రానివ్వదు. బూజును చంపే మందు గట్టిదే, కానీ ఊరికే ఎక్కిస్తే కిడ్నీలను కొడుతుంది. అందుకే కంటికి కనబడనంత చిన్న కొవ్వు బుడగల్లో పెట్టి పంపిస్తాం. ఎంత మంచి మందైనా మోసుకుపోయేది ఉండాలి కదా" అంది డాక్టరమ్మ. పిల్లలకు మాత్ర బెల్లంలో పెట్టి మింగించినట్టేననుకుంది ఎలీషబా. పసుపుపచ్చటి మందు చుక్కచుక్కగా దిగుతుంటే, ఆ బుడగలు చేసిన ముఖం తెలియని మనుషులందరికీ మనసులోనే దండం పెట్టుకుంది. మందు ఎక్కుతుంటే వచ్చే చలికి వణికే ఆమె కాళ్ల మీద దానమ్మ దుప్పటి కప్పుతూనే ఉంది. ప్రభుదాస్ ఒక ఆదివారం వచ్చి, యాపిల్ పళ్లిచ్చి, బస్సు టైమైందని పోయాడు.

ఆ మందిరంలో ఒక పద్ధతుంది. దేవుడు చేసిన మేలుకు అందరి ముందూ సాక్ష్యం చెప్పినవాళ్లు మొదటి బంతిలో కూర్చుంటారు, ఇంట్లో మిగిలినవాళ్లు వడ్డిస్తారు. అందుకే ప్రభుదాస్ కొత్త చొక్కా వేసుకొచ్చాడు. వెనక అన్నం వార్చేవేళకు సాక్ష్యానికి లేచాడు.

"రాత్రనక పగలనక దాన్ని కనిపెట్టుకుని ఉన్నాను. మంచం కాడి నుంచి కదల్లేదు" అని గొంతు వణికించాడు. అందరూ స్తోత్రం అన్నారు. వెనక పొయ్యి దగ్గర ఉన్న దానమ్మ తల వంచుకుని పెరుగు పచ్చడిలోకి ఉల్లిపాయలు కోస్తోంది.

"ముగింపు ప్రార్థన చేసుకుందామా?" అన్నాడు పాస్టర్ సంజీవరావు.

ఎలీషబా తడి చేతులతోనే లోపలికి వచ్చింది. ఇప్పుడు నోరు తెరవకపోతే ఇక ఎప్పటికీ తెరవలేనని తెలుసు.

"అయ్యగారూ, బతికింది నేను. సాక్ష్యం నేను చెప్తా."

అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఎలీషబా ఆగలేదు.

"దేవునికి స్తోత్రం. మందును నా తలకాయలోకి మోసినవి కంటికి ఆనని కొవ్వు బుడగలు. నన్ను ఆ మందు కాడికి మోసింది మా దానమ్మక్క. ఆమె రాకుంటే ఈ పొద్దు మీరు తినేది నా దినం కూడు. రేపట్నుంచి షెడ్డులో పలకలు ముడతా గానీ చీపురు ముట్టను. అక్కా, ఆ కత్తిపీట పక్కన పెట్టు, రా."

ప్రార్థన ముగిసి విస్తర్లు వేయగానే దానమ్మను చెయ్యి పట్టుకుని మొదటి బంతిలో తన పక్కన కూర్చోబెట్టుకుంది. దయామణి బిత్తరపోయి, "మీరిద్దరూ కూసుంటే వడ్డించేదెవురే?" అంది.

"మీ కొడుకు రాత్రనక పగలనక కనిపెట్టుకుని ఉండే మనిషి గదత్తా" అంది ఎలీషబా, విస్తరి మీద నీళ్లు చల్లుకుంటూ. "ఆ అన్నం బకెట్ ఆయన్నే పట్టమను."