బోణీ చేసిన జీఎస్టీ సారు

చేవెళ్లలో మా కిరాణా దుకాణం షటరు ఎత్తి ఐదు నిమిషాలైనా కాలేదు, మా మామగారు పరమేశ్వర్‌కు ఫోన్ వచ్చింది. జీఎస్టీ ఆఫీసు నుంచట. పాత రిటర్నులో తేడా ఉందట, గంటలో నలభై రెండు వేలు కట్టకపోతే దుకాణానికి సీలేనట. స్పీకరులో నేనూ విన్నాను. పిండి గిర్ని కొందామని రెండేళ్లుగా నేను కూడబెట్టిన డబ్బు దాదాపు అంతే.

మామయ్యకు సర్కారు మాట వింటేనే చెమటలు. "కట్టేద్దాం సంతోషీ, బజార్ల ఇజ్జత్ పోతది" అంటూ డబ్బు పంపబోయి, చటుక్కున ఆగారు. భయం ఎంతున్నా నలభై ఏళ్ల అలవాటు ఊరుకుంటుందా?

"సార్, ఇంక బోణీ గాలే. బోణీ గాకుండ గల్ల నుంచి రూపాయి బయటికి పోదు. జర ఆగుండ్రి."

అవతలివాడు అరిచాడు, బెదిరించాడు. మామయ్య కదల్లేదు. చివరికి వాడికే ఓపిక నశించింది. "ఎంతయ్యా నీ బోణీ? నేనే చేస్తా. నీ నంబరుకే కొడుతున్నా."

పదకొండు రూపాయలు వచ్చాయని కౌంటరు మీది పేమెంటు డబ్బా పలికింది.

నాకు నవ్వాగలేదు. పన్ను వసూలు చేసే సారు కిరాణా కొట్టుకు బోణీ చేయడం ఏ కాలంలోనైనా విన్నామా? చూస్తే డబ్బు వచ్చింది ఆఫీసు పేరున కాదు, ఎవరో మనిషి పేరున. మామయ్య చేతిలోంచి ఫోన్ తీసుకున్నాను.

"నోటీసు నంబరు చెప్పుండ్రి సార్. పోర్టల్‌ల చూసుకుంట."

"అంత టైం లేదు. ఫోన్ పెడితే అరెస్టే."

"గట్లనా? అయితే చేవెళ్లకే రాండ్రి. చాయ్ తాగి అరెస్ట్ చేద్దురు."

టక్కున పెట్టేశాడు. పోర్టల్లో చూస్తే మా పేరిట నోటీసే లేదు. సైబర్ పోలీసుల 1930కి ఫోన్ చేసి, ఆ పదకొండు రూపాయల వివరాలు అప్పజెప్పాను. దొంగ తన ఆనవాలు తానే రాసిచ్చి పోయాడు.

తర్వాత మా వర్తక సంఘం గ్రూపులో జరిగిందంతా గొంతు రికార్డు చేసి పెట్టాను. పది నిమిషాల్లో మొయినాబాద్ హార్డ్‌వేర్ షాపు అంజిలయ్య ఫోన్ చేశాడు. ఆయనకూ అదే ఫోన్ వచ్చిందట, పిన్ కొట్టబోతూ నా మాట విని ఆగాడట.

"లక్షా పదివేలు చెల్లే. బతికించినవ్" అన్నాడు. సంతోషం పట్టలేకపోయాను.

ఇంతవరకు ఎవరినీ కూర్చోనివ్వని గల్లా కుర్చీలోంచి మామయ్య లేచారు.

"కూసో బిడ్డా. గిర్నికి బయానా పైసలు నేనిచ్చి వస్త."

నేను మొహమాటపడలేదు. కూర్చున్నాను.