పైడితల్లి రాచ్చిప్ప

నేను ఒక రాచ్చిప్పను. గవరయ్య అనే రాతిపనివాడు బలపపు రాయిని పదకొండు రోజులు తొలిచి నన్ను చేశాడు. లోపల అరచేత్తో తడిమి, తృప్తి లేక పన్నెండో రోజూ తొలిచాడు. తీర్థంలో గోనెపట్టా మీద కూర్చోబెడితే, కొత్తగా పెళ్లయిన పైడితల్లి వచ్చి నా అంచును గోటితో కొట్టి, చెవి ఆనించి విని, చంకన పెట్టుకుపోయింది. పదిరోజులు గంజి తాగించి, పసుపూ నూనే పట్టించి, ఆ తర్వాతే పొయ్యెక్కించింది.

విజయనగరంలో బస్టాండు వెనక ఆమెకు ఒక మెస్సు ఉండేది. అక్కడ ముప్పయ్యేళ్లు నాలో చేపల పులుసు కాగింది. పైడితల్లి ఏదీ రుచి చూసేది కాదు. నా మీదికి వంగి ఒక్కసారి ఊపిరి పీల్చి, "ఉప్పు సాల్లేదు" అనేది. ఆ మాట ఎప్పుడూ తప్పలేదు. మొగుడు పోయిన ఏడాది కూడా ఆమెను నిలబెట్టింది ఆ ముక్కే.

లండన్‌లో హోటల్ పెట్టబోతున్న మృదుల గారు ఒక మధ్యాహ్నం అక్కడ భోంచేసింది. ఆకు మడవకుండానే వంటింట్లోకొచ్చి, "మీరు నాతో వచ్చేయండి" అంది. "నా రాచ్చిప్పొస్తే నానొస్తాను" అంది పైడితల్లి. నన్ను నాలుగు పాత చీరల్లో చుట్టి విమానం ఎక్కించారు. లోపల ఏముందోనని విమానాశ్రయంలో ముగ్గురు అధికారులు నన్ను తలకిందులు చేసి చూశారు. ఏమీ లేకపోవడం వాళ్లకు మరింత అనుమానంగా తోచింది.

ఆ హోటల్ పేరు గోస్తని. మనుషులు అక్కడికి ఆకలితో రారు. దీపాలు మసకగా ఉంటాయి, పళ్లెం పెద్దది, పులుసు మూడు చెంచాలు. దాని మీద వేయించిన కరివేపాకు రెబ్బను పట్టకారుతో నిలబెడతారు. వచ్చినవాళ్లు ముందు ఫోటో తీస్తారు, తర్వాత ఫోటో బాగా రాలేదని మళ్లీ తీస్తారు. ఈలోగా పులుసు చల్లారిపోతుంది. అయినా మొదటి ముద్దకు వాళ్ల మాటలు ఆగిపోయేవి. ఆ నిశ్శబ్దం వంటింటి దాకా వినిపిస్తే పైడితల్లి కొంగుతో మొహం తుడుచుకుని నవ్వేది.

అలా తొమ్మిదేళ్లు గడిచాక ఒక చలికాలం ఆమెకు పది రోజులు జ్వరం వచ్చింది. తగ్గాక పనిలోకి వచ్చి, నాలో నూనె పోసి, వెల్లుల్లి వేసి నిలబడింది. వెల్లుల్లి ఎర్రబడింది, నల్లబడింది. ఆమె కదల్లేదు. పక్క పొయ్యి దగ్గరున్న కడప మనిషి మహబూబ్ బాషా పరుగెత్తుకొచ్చాడు.

"ఏమక్కా, పోపు మాడిపోతాంటే సూస్తా నిలబడినావే?"

"మాడిందా?" అని ఆమె నా మీదికి వంగింది. మళ్లీ వంగింది. ఆమె ఊపిరి నా అడుగును తాకుతోంది. "బాసా, నాకేటీ తెలీట్లేదు బాబూ."

జ్వరంతో పోయిన వాసన కొందరికి తిరిగొస్తుంది, కొందరికి రాదు అన్నాడట డాక్టరు.

"ఎవులికీ సెప్పకు. ముక్కు పోయిందంటే నన్నీ పొయ్యి కాడ నిలబడనిస్తారేటి?"

"నేనుండాను గదక్కా. నా నాలిక నీదే అనుకో."

ఏడాది పాటు అట్లాగే సాగింది. బాషా అటుగా పోతున్నట్టు వచ్చి రుచి చూసేవాడు. ఉప్పు చాలకపోతే గరిటెతో నా అంచు మీద ఒక దెబ్బ, పులుపు చాలకపోతే రెండు. చేపల పెట్టె రాగానే వాసన చూసేదీ అతనే. పైడితల్లి మాత్రం పాత అలవాటు కొద్దీ నా మీదికి వంగి, గుండెల నిండా పీల్చి తలాడించేది. చూసినవాళ్లు చేతులు కట్టుకుని నిలబడేవాళ్లు. పెద్ద చెఫ్ వాసన చూస్తోందని ఎంత గౌరవమో! అందులో ఆమెకు ఏమీ దొరకడం లేదని నాకూ బాషాకూ మాత్రమే తెలుసు.

రంజాన్ పండగ నాడు బాషా సెలవు పెట్టాడు. ముందురోజు చేపలు దాచే చల్లటిగది కొన్ని గంటలు ఆగిపోయిందన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. చేప ముక్కలకు అప్పటికే ఉప్పూ కారం పట్టించి ఉన్నాయి. చూడటానికి ఏ తేడా లేదు. మొదటి ముక్క నాలో పడగానే నాకు తెలిసిపోయింది. పైడితల్లి ఒక ముక్క చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు పెట్టుకుంది. పక్కవాణ్ణి పిలవబోయి, నోరు తెరిచి, మూసేసింది. ఆ ముక్కను కూడా నాలో వేసింది. చింతపండు మిగతాదంతా కప్పేసింది. రాయికి నోరు లేదు, ఏం చెయ్యను?

ఆ మధ్యాహ్నం హైమావతి అనే నర్సు యాభయ్యో పుట్టినరోజని భర్తతో వచ్చింది. రెండోసారి అడిగి వేయించుకుంది. వెళ్తూ వంటింటి గుమ్మంలోకొచ్చి పైడితల్లి చేతులు పట్టుకుంది.

"మాది టెక్కలి, అమ్మా. ఇరవై రెండేళ్లయింది ఇలాటి పులుసు తిని."

"సల్లగా ఉండు తల్లీ" అంది పైడితల్లి. ఆమె ముఖం వెలిగిపోయింది. ఆ ఏడాదిలో అది ఆఖరిసారి.

సాయంత్రానికి హైమావతి ఆసుపత్రిలో ఉంది. ఆమెతో పాటు మరో నలుగురు. అందరూ బతికారు కానీ, హైమావతి రెండు వారాలకు గానీ మంచం దిగలేదు. అధికారులు వచ్చి గోస్తని తలుపులు మూయించారు. మృదుల గారు అందరినీ వంటింట్లో వరసగా నిలబెట్టింది.

"చేపలు చూసుకునేది నువ్వే కదా బాషా. ఆ రోజు ఎవరికి అప్పజెప్పి వెళ్లావు?"

"తప్పు నాదే మేడమ్" అన్నాడు బాషా.

"కాదమ్మా" అంది పైడితల్లి. "నానే సూసినాను. నాకు వాసన తెలీదు. ఏడాదైపోనాది."

మృదుల గారు ఆమె వైపు తిరిగింది. "ఒక్కమాట చెప్తే సరిపోయేది కదా పైడితల్లి గారూ! మిమ్మల్ని వదులుకునేదాన్నా?"

ఏమో, వదులుకునేది కాదేమో. అది నిజమే అయితే పైడితల్లికి అంతకన్నా పెద్ద శిక్ష లేదు. దాచినందుకు బాషా ఉద్యోగం కూడా పోయింది. అతని కోసం ఆమె చేతులు జోడించింది గానీ, అప్పటికే అది ఎవరి చేతుల్లోనూ లేదు.

వెళ్లే రోజు ఉదయం ఆమె నా దగ్గరికొచ్చింది. మూత తీసి, ముఖం మొత్తం నాలో పెట్టింది. నలభై ఏళ్ల చింతపండు, మెంతులు, మా ఊరి నూనె, ఆమె కాపురం అంతా నా రాతిలోకి ఇంకి ఉన్నాయి. నా దగ్గరున్నదంతా ఆమెకిద్దామని ఉంది. ఆమె పీల్చింది. మళ్లీ పీల్చింది. ఆమెకు ఏమీ అందలేదు.

"తీసుకుపోదామక్కా, నేను మోస్తా" అన్నాడు బాషా.

"ఒద్దు బాబూ. అదుంటే దినాం ఇలాగే సూస్తాను" అని మూత పెట్టేసింది. వెనక్కి తిరగలేదు.

హోటల్ మళ్లీ తెరిచారు. పులుసు ఇప్పుడు స్టీలు గిన్నెలో, కొలతల ప్రకారం కాగుతోంది. నన్ను గుమ్మం పక్కన అద్దాల పెట్టెలో పెట్టారు. రెండు వందల ఏళ్లనాటి పాత్ర అని కింద చీటీ. నా వయసు అంత సులువుగా పెరుగుతుందని నాకు తెలియదు. వచ్చినవాళ్లు నాతోనూ ఫోటో దిగుతున్నారు.

అధికారుల షరతు ప్రకారం, పెట్టెలో పెట్టే ముందు నన్ను ఘాటైన మందునీళ్లలో మూడు రోజులు నానబెట్టి బ్రష్షుతో తోమారు. మొదటిరోజు నీళ్లు గోధుమరంగులో దిగాయి. రెండోరోజు లేత పసుపు. మూడోరోజు తేటగా వచ్చాయి. ఇప్పుడు నాలో ముఖం పెట్టి చూసే ఎవరికైనా, ఆ ఉదయం పైడితల్లికి దొరికిందే దొరుకుతుంది.